రెండున్నర లక్షలు అప్పు చేస్తే ముహూర్తం ఫోటో షేక్ అవ్వకుండా వస్తుందా?

ప్రశ్న: అన్నా, మాది తెనాలి పక్కన పల్లె. డిగ్రీ అయ్యాక ఒక స్టూడియోలో అసిస్టెంటుగా చేరి పెళ్ళిళ్ళకు వెళ్తున్నాను. రోజుకు రెండు వేలు ఇస్తారు. నా సొంత కెమెరా కానన్ 1500డి, దాంతో వచ్చిన 18–55 కిట్ లెన్సే ఉంది. మా సీనియర్ దగ్గర ఫుల్ ఫ్రేమ్ (వెలుగును పట్టే సెన్సార్ పెద్దగా ఉండే కెమెరా) ఉంది, "ఈ డబ్బాతో ఇంతకన్నా రాదురా" అంటాడు. నిజంగానే ఆయన ఫోటోల పక్కన పెడితే నావి షేక్ అయినట్టు, నల్లగా ఉంటున్నాయి, వెనకాల బ్లర్ రావట్లేదు. ఆల్బమ్‌కి 24 మెగాపిక్సెల్ చాలదని కూడా అంటున్నారు. నూటికి రెండు రూపాయల వడ్డీకి రెండున్నర లక్షలు ఇస్తామన్నవాళ్ళున్నారు. ఫుల్ ఫ్రేమ్ బాడీ, మంచి లెన్స్ తీసుకుందామనుకుంటున్నా, నాన్న వద్దంటున్నారు. మూడు ఫోటోలు పంపుతున్నాను, చూసి చెప్పండి. ఇంకో డౌటు, రా లో (కెమెరా పట్టినదంతా మార్చకుండా దాచే ఫైలు) తీయాలా, జేపెగ్ (కుదించిన మామూలు ఫోటో ఫైలు) చాలా? (పేరు వద్దన్నారు)

జవాబు: తమ్ముడూ, మీ నాన్న మాట విను. రెండున్నర లక్షలకు నూటికి రెండంటే నెలకు అయిదు వేలు వడ్డీకే పోతాయి, అసలు అలాగే కూర్చుంటుంది. అంటే నెలలో రెండున్నర రోజులు నువ్వు వడ్డీ ఇచ్చేవాడి కోసమే పెళ్ళిళ్ళు తీస్తున్నట్టు. ఆషాఢంలో ముహూర్తాలుండవు, మూఢం వస్తే అసలే ఉండవు, వడ్డీకి మాత్రం మూఢం లేదు.

డబ్బు సంగతి పక్కన పెట్టినా, నీ చేతిలో సొంత డబ్బే ఉండి అడిగినా ఇదే చెప్పేవాణ్ణి. ఎందుకంటే నువ్వు పంపిన మూడింటిలో ఒక్క ఫోటో కూడా కెమెరా వల్ల పాడవలేదు. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఫోటో తెరిచి వివరాలు చూస్తే షట్టర్ ఎంత (వెలుగును ఎంతసేపు లోపలికి వదిలింది), ఎపర్చర్ ఎంత (లెన్స్ ఎంత తెరుచుకుంది, ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ ఎక్కువ తెరుచుకున్నట్టు), ఐఎస్ఓ ఎంత (ఉన్న వెలుగును కెమెరా ఎంత పెంచి చూపిస్తోంది), జూమ్ ఎక్కడుంది అన్నీ కనిపిస్తాయి కదా, అవి చూశాకే ఈ మాట అంటున్నాను. నువ్వు ఆ వివరాలు ఎప్పుడైనా చూశావా? చూసి ఉంటే ఉత్తరం వేరేలా రాసేవాడివి అనిపించింది.

మొదటిది, జీలకర్ర బెల్లం ఫోటో. 55 దగ్గర జూమ్, ఎఫ్ 5.6, షట్టర్ సెకనులో 25వ వంతు, ఐఎస్ఓ 3200, ఫ్లాష్ లేదు, డయల్ ఆటోలో ఉంది. ఈ ఫోటోని పెద్దది చేసి చూడు. మండపం స్తంభానికి కట్టిన అరటాకు ఈనెలతో సహా స్పష్టంగా ఉంది. పెళ్ళికొడుకు చెయ్యి మాత్రం అలికేసినట్టుంది. దీని అర్థం ఏమిటంటే నీ చెయ్యి వణకలేదు. నీ చెయ్యి వణికి ఉంటే అరటాకు కూడా చెదిరిపోయేది. ఫోకస్ కూడా తప్పలేదు, తప్పి ఉంటే వెనకున్న పంతులుగారి ఉత్తరీయమో ముందున్న కొబ్బరిబోండమో షార్ప్‌గా ఉండి వధూవరులిద్దరూ మెత్తగా అయిపోయేవాళ్ళు. ఇక్కడ జరిగింది ఒక్కటే, అతని చెయ్యి కదిలినంత వేగంగా నీ షట్టర్ మూసుకోలేదు. మీ లెన్స్ మీద ఐఎస్ అని రాసి ఉంటే అది నీ వణుకును సర్దుతుందే తప్ప పెళ్ళికొడుకు చేతిని ఆపలేదు. ఈ మూడు రకాల "షేక్"లనూ విడివిడిగా గుర్తుపట్టడం వచ్చిందంటే సగం పని అయిపోయినట్టే, మూడింటికీ మూడు వేరే మందులు. చాలామంది పదేళ్ళు తీశాక కూడా అన్నిటినీ కలిపి షేక్ అనేసి కెమెరాని తిడుతుంటారు.

మరి షట్టర్ ఎందుకంత నెమ్మదిగా పడింది? నువ్వు పదిహేనడుగుల దూరాన నిలబడి జూమ్ చివరి దాకా లాగావు. నీ లెన్స్ 55 దగ్గర 5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు. అదే 18 దగ్గర 3.5 దాకా తెరుచుకుంటుంది. ఈ రెండిటికీ మధ్య తేడా రెండున్నర రెట్ల వెలుగు. జూమ్ మొత్తం వెనక్కి తిప్పి, అదే ఫ్రేము రావాలంటే మూడో వంతు దూరానికి, అంటే అయిదడుగులకు వచ్చి నిలబడితే, ఇంకేమీ మార్చకుండానే 25వ వంతు షట్టర్ 60వ వంతు అవుతుంది. ఐఎస్ఓని 6400 చేస్తే 125వ వంతు. అక్కడ చెయ్యి ఆగుతుంది.

ఇప్పుడు నీ సీనియర్ చెప్పే ఫుల్ ఫ్రేమ్ లెక్క చూద్దాం. ఆ సెన్సార్ వైశాల్యం నీ సెన్సార్‌కి సుమారు రెండున్నర రెట్లు. చీకట్లో దానివల్ల వచ్చే లాభం కూడా, కొత్త టెక్నాలజీ సంగతి వదిలేస్తే, ఆ రెండున్నర రెట్ల చుట్టుపక్కలే ఉంటుంది. అంటే ఆ బాడీకి పెట్టే డబ్బుతో ఎంత వెలుగు కొంటున్నావో అంత వెలుగు జూమ్ వెనక్కి తిప్పి పదడుగులు ముందుకు వేస్తే వస్తోంది. ఆ పదడుగులు వేయకుండా ఫుల్ ఫ్రేమ్ కొన్నావనుకో, పదిహేనడుగుల దూరం నుంచి జనం తలకాయల మధ్యగా కొంచెం తక్కువ గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు కనిపించే గరుకు) ఉన్న ఫోటో తీస్తావు, అంతే. దగ్గరికి వెళ్తే 18లో అంచుల్లో ఉన్న ముఖాలు సాగినట్టు వస్తాయి, కాబట్టి ఇద్దరి ముఖాలూ ఫ్రేము నడిమధ్యలో ఉండేలా చూసుకో, అంచుల్లోకి మేనమామలు వస్తే వాళ్ళు కాస్త లావుగా పడతారు, ఏం చేస్తాం.

గ్రెయిన్ గురించి భయపడకు. ఫోన్‌లో పెద్దది చేసి చూసుకుంటే గరుగ్గా కనిపించేది ఆల్బమ్ పేజీలో సగం కూడా కనిపించదు. గ్రెయిన్ ఉందని జీలకర్ర బెల్లం ఫోటో పక్కన పడేసిన పెళ్ళివాళ్ళు ఎవరూ ఉండరు, చెయ్యి అలుక్కుపోతే మాత్రం జన్మంతా అంటారు.

అయిదడుగులకు వెళ్ళనివ్వరు కదా అంటావు. అసలు పని అక్కడే ఉంది, ఏ షాపులోనూ దొరకనిది కూడా అదే. ముహూర్తం రాత్రి రెండు గంటల పదహారు నిమిషాలకు అని శుభలేఖలో వేసే ఉంటుంది. అరగంట ముందే మండపం దగ్గరికి వెళ్ళి పంతులుగారిని మర్యాదగా అడుగు, "గురువుగారూ, జీలకర్ర బెల్లం పెట్టించేటప్పుడు అడ్డుతెర ఎటువైపు దించుతారండీ, నేనెక్కడుంటే మీకు అడ్డం రాను?" అని. తొంభై మంది పంతుళ్ళలో ఒకరు విసుక్కుంటారేమో, మిగతావాళ్ళు చోటు చూపించి మరీ చెబుతారు. వీడియో ఆయన్ని కూడా అడగాలి, ఎందుకంటే ఆ సమయంలో మండపంలో ఉన్న అతి పెద్ద దీపం ఆయన లైటే. ఆయన పక్కనే నిలబడితే వెలుగు ముఖాల మీద నిలువునా పడి చపాతీలా కనిపిస్తాయి. ఆయనకు కొంచెం పక్కగా, వెలుగు ఒక చెంప మీదుగా వచ్చేలా నిలబడితే ముక్కూ నుదురూ బాసికం అన్నీ వాటి రూపంతో వస్తాయి. ఇంక సమయం. సన్నాయి వాళ్ళకు పంతులుగారు చెయ్యెత్తి సైగ చేస్తారు చూడు, గట్టిమేళం మొదలవ్వడానికి ఒక్క క్షణం ముందు, ఆ చెయ్యి లేచిందంటే నీ వేలు షట్టర్ మీద సగం నొక్కి సిద్ధంగా ఉండాలి. మేళం వినిపించాక కెమెరా ఎత్తేవాడికి దొరికేవి అక్షింతలు, లేచి నిలబడ్డ జనం వీపులు, గాల్లో ఊగే ఫోన్లు. నీ కెమెరా సెకనుకు మూడు ఫోటోలే తీస్తుంది. సైగ చూసి నొక్కేవాడికి మూడు సరిపోతాయి.

సెట్టింగ్ కూడా చెప్పేస్తాను. డయల్ ఆటో నుంచి తీసేసి టీవీ (Tv, షట్టర్ మనం పెడితే మిగతాది కెమెరా చూసుకునే మోడ్) అని ఉన్నచోట పెట్టు, షట్టర్ 100వ వంతు దగ్గర ఉంచు, ఐఎస్ఓ ఆటోలో పెట్టి మెనూలో దాని హద్దు 6400 చెయ్యి. లెన్స్ దానంతట అదే పూర్తిగా తెరుచుకుంటుంది. 100వ వంతే ఎందుకంటే, మన కరెంటు 50 హెర్ట్జ్, దానితో వెలిగే చవక ఎల్ఈడీలు సెకనుకు వందసార్లు మినుకుతాయి, మన కంటికి తెలియదు కానీ 500, 1000 లాంటి షట్టర్‌లో ఫోటో మీద నల్లటి అడ్డచారలు పడతాయి. 100 దగ్గర ఆ గొడవ ఉండదు.

రెండో ఫోటో, పెళ్ళికూతురు. ఇదే నీకు ఎక్కువ బాధగా ఉన్నట్టుంది, బ్లర్ రాలేదని. చూశాను. మిట్టమధ్యాహ్నం, పందిరి బయట ఎండలో నిలబెట్టావు. సూర్యుడు నెత్తిన ఉన్నాడు కాబట్టి కనుబొమ్మల నీడ కళ్ళలో పడి రెండు గుంటల్లా ఉన్నాయి, ముక్కు నీడ పెదవి మీదికి వచ్చింది, ఆ అమ్మాయి ఎండకు కళ్ళు చికిలించింది కూడా. పాపిటబిళ్ళ ఒక్కటే బాగా వచ్చింది. దీనికి లక్షన్నర లెన్స్ పెట్టినా అవే గుంటలు ఇంకా షార్ప్‌గా వస్తాయి. పెళ్ళివారిల్లు కాబట్టి వసారానో వీధి గుమ్మమో ఉండే ఉంటుంది. నీడ ఎక్కడ మొదలవుతుందో ఆ గీతకు ఒక్క అడుగు లోపల, ముఖం బయటి వైపు తిరిగేలా నిలబెట్టు. నెత్తిన పైకప్పు ఉంటుంది కాబట్టి పైనుంచి ఎండ పడదు, ఎదుట ఉన్న వాకిలి మీద పడ్డ ఎండ అంతా తిరిగి ముఖం మీదికి మెత్తగా వస్తుంది, కళ్ళలో ఆ వాకిలే చిన్న మెరుపులా కనిపిస్తుంది. ఇంట్లో ఎవరినైనా, మీ అమ్మనైనా సరే, ఇలా గుమ్మంలో కూర్చోబెట్టి ముఖాన్ని నెమ్మదిగా పక్కకు తిప్పమని, తిప్పుతున్నకొద్దీ నీడ చెంప మీద ఎలా జరుగుతుందో కెమెరా లేకుండా ఉత్త కళ్ళతో చూడు. ఈ చూడటం అలవాటవ్వాలి. అలవాటయ్యాక ఏ ఇంటికి వెళ్ళినా కాఫీ ఇచ్చేలోపే ఎక్కడ కూర్చోబెట్టాలో నీకు తెలిసిపోతుంది.

బ్లర్ సంగతికొస్తే, ఆ అమ్మాయి వెనకాల షామియానా గుడ్డ మూరెడు దూరంలో ఉంది. మూరెడు దూరంలో ఉన్నదాన్ని బాగా చెదరగొట్టాలంటే ఎంత లెన్స్ అయినా కష్టపడాల్సిందే. మనిషిని గుడ్డకు ఇరవై అడుగులు ముందుకు తీసుకురా, ఇప్పుడు జూమ్ 55 దాకా లాగు, నడుము పై వరకు పడేంత దగ్గరికి వెళ్ళు, నీ కిట్ లెన్స్‌లోనే వెనకాల కుర్చీలు కుర్చీలని పోల్చుకోలేనంత మెత్తబడతాయి. గమనించావా, ముహూర్తం దగ్గర జూమ్ వెనక్కి తిప్పమన్నాను, ఇక్కడ ముందుకు లాగమంటున్నాను. అక్కడ నీకు కావలసింది వెలుగు, ఇక్కడ వెలుగు బోలెడుంది, కావలసింది దూరాల మధ్య తేడా. ఏ బటన్ నొక్కాలి అని అడిగేముందు నాకిప్పుడేం కావాలి అని అడగడం నేర్చుకుంటే ఈ కిట్ లెన్సే రెండు లెన్సుల పని చేస్తుంది. అసలు ప్రతి ఫోటోకీ బ్లర్ ఎందుకనేది నాకు అర్థం కాని విషయం, పెళ్ళిలో వెనకాల ఉన్నవాళ్ళు చుట్టాలే కదా, ఇరవై ఏళ్ళ తర్వాత ఆల్బమ్ తెరిచేది వాళ్ళలో ఎవరున్నారో చూసుకోవడానికే.

మూడోది మధుపర్కాల్లో ఇద్దరూ కూర్చున్న ఫోటో. దీంట్లో రెండు తప్పులున్నాయి. తెల్లటి బట్టలు బూడిద రంగులో వచ్చాయి, కెమెరా మీదున్న ఫ్లాష్ లేపడంతో ముఖాల మీద నూనె, పసుపు జిడ్డుగా మెరిసి వెనక గోడ మీద నల్ల నీడ పడింది. మొదటిదానికి కారణం, కెమెరాకి తెలుపు ఏదో తెలియదు. ఏ దృశ్యం చూపించినా అది నడిమి బూడిద రంగే అనుకుని వెలుగు కొలుస్తుంది. ఫ్రేము నిండా తెల్లబట్ట ఉంటే అబ్బో వెలుగు ఎక్కువైందని తగ్గించేస్తుంది, ముఖాలు కూడా దానితోపాటు నల్లబడతాయి. రిసెప్షన్‌లో నల్ల సూటు నిండిన ఫ్రేములో దీనికి రివర్స్, పెళ్ళికొడుకు ముఖం తెల్లగా పాలిపోతుంది. నీ కెమెరాలో ప్లస్ మైనస్ గుర్తున్న బటన్ ఉంది, అది నొక్కి పట్టుకుని డయల్ తిప్పి మధుపర్కాలకు ఒక స్టాపు (అంటే వెలుగు రెట్టింపు) ప్లస్, నల్ల సూటుకు అరా ముప్పావు మైనస్ పెట్టు. ఈ మధ్య స్టేజీ వెనకాల పెద్ద ఎల్ఈడీ తెర పెడుతున్నారు కదా, అక్కడ కూడా ప్లస్సే. రెండు లక్షల కెమెరాకి కూడా తెలుపంటే తెలియదు తమ్ముడూ, కొత్తవి ముఖాన్ని గుర్తుపట్టి కొంత సర్దుకుంటాయి గానీ బాసికం, పూలజడ, పక్కకు తిరిగిన ముఖం వచ్చేసరికి మళ్ళీ మనమే చూసుకోవాలి.

ఫ్లాష్ విషయంలో మాత్రం నీ సామానుది కొంత తప్పుంది, ఒప్పుకుంటాను. కెమెరా నెత్తి మీదే ఉండే ఆ చిన్న ఫ్లాష్ నిలువునా తప్ప ఇంకెటూ కొట్టదు. ఇక్కడ డబ్బు పెట్టు. విడిగా దొరికే ఫ్లాష్, తల పైకీ పక్కకీ తిరిగేది, కొనే ముందు నీ కెమెరా మీద పెట్టి వెలుగుతుందో లేదో చూసుకో, వేరే కంపెనీవి కొన్ని 1500డి మీద పనిచేయవు, దాన్ని తెల్లటి సీలింగ్ వైపు తిప్పి కొడితే వెలుగు పైనంతా పరుచుకుని మెత్తగా కిందికి దిగుతుంది. సీలింగ్ బాగా ఎత్తుగా ఉంటే రాదు, ఎందుకంటే దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతే మిగులుతుంది. గులాబీ రంగు షామియానా కింద కూడా కొట్టకు, పెళ్ళివారంతా గులాబీ రంగులో వస్తారు, ఎడిటింగ్‌లో దాన్ని తీయడానికి ప్రాణం పోతుంది. అలాంటిచోట పక్కన తెల్లగోడ ఉంటే దానికి కొట్టు.

దీంతోపాటు 50ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ ఒకటి కొనుక్కో, పదివేల చుట్టూ ఉంటుంది, సెకండ్ హ్యాండ్‌లో ఇంకా తక్కువకు దొరుకుతుంది. 5.6తో పోలిస్తే అది దాదాపు పది రెట్ల వెలుగు ఇస్తుంది, ఇందాక చెప్పిన రెండున్నర రెట్లతో పోల్చుకో. ఇంకో బ్యాటరీ, ఇంకో కార్డు, ఫ్లాష్‌కి ఛార్జింగ్ సెల్స్ కలిపినా పాతికవేల చుట్టుపక్కలే ఉంటుంది. అప్పు అక్కర్లేదు, రెండు సీజన్లలో కూడబెట్టుకోవచ్చు.

మెగాపిక్సెల్ అన్నావు. మన దగ్గర పెళ్ళి ఆల్బమ్ 12×36, అంటే ఒక్కో పేజీ 12×18 అంగుళాలు. ల్యాబువాళ్ళు అంగుళానికి 300 చుక్కలు అడుగుతారు, 18 అంగుళాలకు 5400. నీ కెమెరా ఫోటో పొడవున 6000 చుక్కలుంటాయి. ఒక ఫోటోతో పేజీ మొత్తం నింపినా ఇంకా మిగులుతుంది, సాధారణంగా ఒక పేజీలో నాలుగు ఫోటోలు ఇరికిస్తారు కూడా. దూరం నుంచి తీసి తర్వాత కత్తిరించుకునేవాడికే 45 మెగాపిక్సెల్ కావాలి.

మీ సీనియర్‌ని తప్పుపట్టడం లేదు. ఆయన ఫోటోలు బాగుంటున్నాయంటే ఆ కెమెరా వెనకున్న ఏళ్ళ అనుభవం వల్ల, ఆయన ఎక్కడ నిలబడాలో తెలిసి నిలబడుతున్నాడు, ఆ సంగతి ఆయనకే గుర్తుండదు, అలవాటైపోయిన పనిని ఎవరూ పని అనుకోరు కాబట్టి క్రెడిట్ అంతా బాడీకి ఇచ్చేస్తాడు. ఒకసారి పగటి ఫంక్షన్‌లో, ఓణీల ఫంక్షనో గృహప్రవేశమో, ఓ అరగంట కెమెరాలు మార్చుకుందామా అన్నా అని అడుగు. సరదాగా ఒప్పుకుంటే నీ డబ్బా ఆయన చేతిలో ఏం చేస్తుందో చూస్తావు. ఆయన కెమెరా చూడకు, కాళ్ళు చూడు, ఎప్పుడు జరుగుతున్నాడు, ఎప్పుడు కూర్చుంటున్నాడు, ఎవరితో ఏం మాట్లాడుతున్నాడు.

మన సికింద్రాబాద్‌లోనే ఒక పెద్దాయన ఉండేవాడు, రాజా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇందోర్‌లో ఉద్యోగం చేస్తూ ఫోటోలు మొదలుపెట్టి, చివరికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. ఆయనదీ ఆ రోజులకు మంచి సామానే, నిజాం ఆస్థానంలో ఉన్నవాడికి లోటేముంటుంది. కానీ ఆ మంచి సామాను అంటే ఏమిటో ఆలోచించు. స్టాండు మీద చెక్క పెట్టె, ఒక్కో ఫోటోకి ఒక గాజు పలక, పలక మార్చాలంటే మళ్ళీ మొదటినుంచీ తతంగం. జూమ్ లేదు, ఐఎస్ఓ పెంచుకునే ఏర్పాటు లేదు, తీసింది అక్కడే వెనక్కి తిప్పి చూసుకునే తెర లేదు. నీ 1500డి పక్కన పెడితే అది ఏ లెక్కలోనూ నిలవదు. అయినా ఆయన స్టూడియో గాజు నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం వాళ్ళు 1989లో కొని దాచుకున్నారు. ఆ ఫోటోల్లో గుంపుగా కూర్చున్న నవాబులను చూడు, ఇరవై మంది ఉన్నా ప్రతి ముఖం మీదా వెలుగుంటుంది, ఒకరి తలపాగా నీడ ఇంకొకరి మీద పడదు. లెన్స్ మూత తీసే ముందే అన్నీ సర్ది ఉంచాలి, తర్వాత సర్దే వీలే లేదు.

ఆయన చేసిన ఇంకో పని నీకు ఎక్కువ పనికొస్తుంది. 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ళ కోసం విడిగా జనానా స్టూడియో పెట్టాడు, అక్కడ ఫోటోలు తీసే బాధ్యత ఒక ఇంగ్లీషు ఆవిడకు అప్పగించాడు. పరదా పాటించే ఇళ్ళ ఆడవాళ్ళు మగవాడి ముందు కూర్చోరు, కూర్చున్నా బిగుసుకుపోతారు. ముఖం సహజంగా రావాలంటే ముందు మనిషి స్థిమితపడాలని తెలిసినవాడు చేసే ఏర్పాటు అది. నీ రెండో ఫోటోలో ఆ అమ్మాయి భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి, గమనించావా? తెల్లవారుజామున లేచి, ఏమీ తినకుండా, ఇంతమందిలో టెన్షన్‌గా ఉన్న పిల్లని "నవ్వండి మేడమ్, ఇటు చూడండి మేడమ్" అంటే ఏం నవ్వుతుంది. పేరు తెలుసుకుని అమ్మా అనో అక్కా అనో పిలువు, ఓ గ్లాసు మంచినీళ్ళు తాగించమని పక్కన ఉన్న వాళ్ళ చెల్లితో చెప్పు, ఆ చెల్లి ఏదో అంటుంది, ఆ అమ్మాయి తల తిప్పి నవ్వుతుంది, అప్పుడు నొక్కు.

ఇంకొకటి చెప్పి ఈ పాత కథలు ఆపేస్తాను. 1946లో లైఫ్ పత్రిక ఫోటోగ్రాఫర్ మార్గరెట్ బర్క్-వైట్ గాంధీగారిని చరఖా పక్కన తీయడానికి వెళితే, ముందు రాట్నం వడకడం నేర్చుకుని రమ్మన్నారు ఆయన మనుషులు. నేర్చుకుంది. తర్వాత ఫ్లాష్ బల్బులు మూడే వాడుకోనిచ్చారు. మొదటి రెండూ వృథా అయ్యాయి, మూడోది పనిచేసింది. ఇప్పటికీ అందరూ చూసే ఆ ఫోటోలో కిటికీలోంచి వచ్చే వెలుగు ముఖ్యం, ముందు పెద్దగా చరఖా, వెనక చదువుకుంటున్న ఆయన. వడకడం చేతికి తెలిసినవాళ్ళు రాట్నాన్ని ఫ్రేములో ఒక మూలకు తోసెయ్యరు. నువ్వు కూడా పెళ్ళి తంతు మొత్తం వరసగా నేర్చుకో, గౌరీపూజ, కాళ్ళు కడగడం, జీలకర్ర బెల్లం, మాంగల్యం, తలంబ్రాలు, బ్రహ్మముడి, అరుంధతి, అప్పగింతలు, ఏది ఎంతసేపు, ఎవరు ఏ పక్కన కూర్చుంటారు, ఎవరి కంట నీళ్ళొస్తాయి. మాంగల్యధారణలో మూడు ముళ్ళు పడతాయి కాబట్టి మొదటిది పోయినా ఇంకా రెండు ఛాన్సులు, జీలకర్ర బెల్లానికి ఆ వెసులుబాటు లేదు. అప్పగింతల్లో అందరూ అమ్మాయిని తీస్తారు, ఆ పక్కనే నిలబడి కండువాతో మొహం తుడుచుకునే నాన్నని తీసేవాడు తక్కువ.

కెమెరాకి అసలు విలువే లేదని చెబితే అబద్ధమవుతుంది. నువ్వు సొంతంగా పెళ్ళి ఒప్పుకునే రోజు వస్తే చేతిలో రెండో బాడీ ఉండి తీరాలి, ముహూర్తం వేళ ఒకటి మొరాయిస్తే ఆ పెళ్ళి మళ్ళీ జరగదు. నీ కెమెరాలో కార్డు స్లాటు ఒక్కటే, కార్డు పోతే అన్నీ పోతాయి, పెళ్ళిళ్ళ కోసం రెండు స్లాట్ల బాడీ అడగడంలో న్యాయం ఉంది. చీకటి హాళ్ళలో గంటల తరబడి తీసేవాడికి కొత్త బాడీల ఫోకస్ చాలా సుఖం. పక్షులూ ఆటలూ తీయాలంటే పొడుగు లెన్స్ లేకుండా కుదరదు. ఇవన్నీ "నా కెమెరా ఫలానా పని చేయలేకపోతోంది" అని వేలు పెట్టి చూపించగలిగినప్పుడు కొనాల్సినవి. నువ్వు పంపిన మూడు ఫోటోల్లో అలాంటిదొకటీ లేదు. ఈలోగా పెద్ద పెళ్ళి తగిలితే గుంటూరులోనో విజయవాడలోనో ఫుల్ ఫ్రేమ్ రోజు అద్దెకు తీసుకో, ఆ అద్దె కూడా పార్టీ దగ్గర రేటులో కలుపుకోవచ్చు.

కెమెరా సైజు చూసి రేటు కట్టే పార్టీలు ఉంటారు, అది కూడా నిజమే, "ఈయన కెమెరా చిన్నదిగా ఉందే" అని పెళ్ళికొడుకు బావగారు అనకుండా ఉండడు. ఆయనకి ఫోన్‌లో పాత పెళ్ళిదో ఫంక్షన్‌దో పది ఫోటోలు చూపించు, పదే, వంద కాదు. వాటిని ఎంచేటప్పుడు బ్లర్ ఉన్నవి ఎంచకు, ముఖాలు బాగా వచ్చినవి ఎంచు.

ప్రాక్టీసుకి పెళ్ళిళ్ళ కోసం ఆగక్కర్లేదు. తెనాలి కూరగాయల మార్కెట్‌కి పొద్దున్నే వెళ్ళు, తాటాకు పందిరి సందుల్లోంచి వచ్చే వెలుగులో కూర్చున్నవాళ్ళను అడిగి తియ్యి, అడగకుండా తియ్యకు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుకి వెళితే కొంగలూ గూడబాతులూ చెట్ల మీద గుంపులుగా ఉంటాయి. 55తో అవి చిన్నవిగానే పడతాయి, పర్లేదు, రెక్క విప్పే క్షణాన్ని పట్టుకోవడం, 1000వ వంతు షట్టర్‌కీ 100వ వంతుకీ తేడా కళ్ళతో చూడటం అక్కడ కొత్త సామానేదీ కొనకుండానే నేర్చుకోవచ్చు. రోజూ తీసినవాటిలో బాగా రానిది ఒకటి పట్టుకుని వివరాలు తెరిచి, ఎందుకు చెడిందో ఒక్క వాక్యం నోటుపుస్తకంలో రాయి. "షట్టర్ తక్కువ", "వెనకాల స్తంభం తలలోంచి వచ్చింది", "ఆలస్యంగా నొక్కాను". నెల తర్వాత ఆ పుస్తకం తిరగేస్తే ఏ తప్పు ఎక్కువసార్లు చేస్తున్నావో తెలుస్తుంది, కొనాల్సిన వస్తువు ఏదైనా ఉంటే అది కూడా అందులోనే కనిపిస్తుంది.

చివరగా రా గురించి. స్టూడియోవాళ్ళ కోసం తీసేటప్పుడు వాళ్ళేది అడిగితే అదే ఇవ్వు, ఆల్బమ్ డిజైనర్‌కి జేపెగ్ కావాలంటే రా ఫైళ్ళు పంపి తిట్లు తినకు. నీకోసం తీసేటప్పుడు, ముఖ్యంగా పసుపు బల్బులూ వీడియో లైటూ కలిసిపోయిన మండపాల్లో, రా పెట్టుకో, ముఖాల రంగు తర్వాత సరిచేసుకోవడానికి చాలా చోటుంటుంది. ఒక్కో ఫైలు పాతిక ముప్ఫై ఎంబీ దాకా ఉంటుంది, వరసగా నొక్కుకుంటూ పోతే బఫర్ (ఫోటోలు కార్డుకి ఎక్కేలోపు ఉండే జాగా) నిండి కెమెరా కాసేపు ఆగుతుంది, కాబట్టి పంతులుగారు చెయ్యెత్తే ముందు ఊరికే నొక్కి బఫర్ నింపుకోకు. వచ్చే ముహూర్తాల్లో టీవీ మోడ్‌లో తీసిన జీలకర్ర బెల్లం ఫోటో ఒకటి పంపు, వాట్సాప్‌లో మామూలుగా పంపితే వివరాలు పోతాయి, డాక్యుమెంట్‌గా పెట్టి పంపు.